చూసిన సున్నా, చూడని ఖాళీ

మా ఊళ్లో ఒక తెల్లకుక్క ఉండేది. ఉండేది అంటే చచ్చిపోయిందని కాదు, తెల్లగా ఉండటం మానేసింది. బళ్లారి పక్క సండూరు కొండల్లో ఇనుపరాయి నింపుకుని తోరణగల్లు వైపు దిగే లారీలన్నీ మా ఊరి నడుమనుంచే పోయేవి. గనులు జోరుమీదున్న ఆ రోజుల్లో మా ఊరి కుక్కలకీ, కోళ్లకీ, చర్చి గోడలకీ, ఆరేసిన బట్టలకీ అందరికీ ఒకటే ఎర్రదుమ్ము రంగు. పెళ్లికొడుకు తెల్లచొక్కాతో ఇల్లు కదిలితే చర్చి మెట్లెక్కేసరికి ఇటుక చొక్కా అయ్యేది. పాస్టరయ్యగారు హిమము కంటె తెలుపు అని చదువుతుంటే ముందు వరసలోవాళ్లు తమ పంచెల వంక చూసుకునేవారు.

ఆ దుమ్మును తిట్టడానికి మా ఇంటికి మాత్రం నోరు లేదు. మా అన్న లారీ డ్రైవరు. నాది రోడ్డు పక్కన పంక్చర్ అంగడి. ఏడో తరగతిలో బడి నన్ను వదిలిందా, నేను బడిని వదిలానా అన్నది ఇంకా తేలలేదు గానీ, లారీలు మాత్రం నన్ను వదల్లేదు. వాటి టైరు పగిలితేనే మా పొయ్యి వెలిగేది. అలాంటి ఇంట్లో కూర్చుని లారీల మీద ఫిర్యాదు చేయడమంటే, పాలిచ్చే గేదె పేడ వేస్తోందని పంచాయితీ పెట్టడమే.

ఆ పంచాయితీ పెట్టింది మా వదిన.

వదినది మోక పక్కన పల్లె. డిగ్రీ చదివి కంప్యూటర్ నేర్చుకుంది. తోరణగల్లులో ఒక పెద్ద క్యాంటీన్ ఆఫీసులో పని. ఏ పూట ఎంతమంది తిన్నారు, ఎంత బియ్యం పోశారు, ఎంత మిగిలింది అన్నదంతా కంప్యూటర్లోకి ఎక్కించి గీతలు గీసి పెద్దసార్లకు చూపించాలి. మరిదిగా పుట్టినందుకు ఏడిపించడం నా బాధ్యత కనుక ఒకసారి అడిగాను.

"ఏం వదినా, ఎంతమంది తిన్నారో చెప్పేదానికి డిగ్రీ యాల? ఎంగిలి తట్టలు లెక్కేస్తే చాలదా?"

"తట్టలు లెక్కేసేదానికి ఏడో క్లాసు చాలప్పా. ఒక సీటు ఖాళీ ఉండాది, వస్తావా?"

మా ఇంట్లో నాకు ఎదురు మాట చెప్పగలిగిన మనిషి ఆమె ఒక్కతే. అందుకే ఆమె అంటే నాకు గౌరవం. ఆమె ఎదుట ఎప్పుడూ ఒప్పుకోలేదు, అది వేరే సంగతి.

వదినకు ఒక కూతురు. అప్పటికి రెండో తరగతి. బడి రోడ్డుకు అవతల, ఇల్లు ఇవతల. కంపెనీ బస్సు బడిగంటకు చాలా ముందే వచ్చి వదినను ఎక్కించుకుని పోయేది. అన్న కొండమీద ఎక్కడో లోడు కోసం వరసలో ఉండేవాడు. అమ్మకు మోకాళ్లు లేవు. కాబట్టి పొద్దున పాపను రోడ్డు దాటించే పని నాది. సాయంత్రం నా చేతిలో టైరు లేకపోతే నేను, ఉంటే దేవుడు.

ఒక సాయంత్రం వదిన బస్సు దిగి ఇంటికి రాగానే పాప సంచి విప్పి ఆమె ముందు ఒక రాయి పెట్టింది. ఇనుపరాయి. టెంకాయంత ఉంది, నిగనిగలాడుతూ.

"మా, చూడు! లారీ నాకే ఇచ్చింది. నా చెప్పు కాడ పడె."

పైవరకు నింపిన లారీ గుంతలో ఎగిరింది, రాయి జారింది. పాపకు అది బహుమానం. వదిన ఆ రాయిని రెండు చేతులతో ఎత్తి కిటికీలో పెట్టింది. ఆ పూట ఇంట్లో ఎవరి మీదా అరవలేదు. అందుకే నాకు భయమేసింది. మర్నాడు పని మానుకుని, ఊళ్లో నలుగురు అమ్మలను వెంటేసుకుని బళ్లారి పోయింది. బడి తెరిచే వేళ, విడిచే వేళ లారీలను ఊరి బయట నిలపండి, ఇంకేమీ అడగం అని అర్జీ పెట్టింది.

అక్కడి ఆఫీసులో సాహేబు, అంటే పెద్ద అధికారి, మంచివాడే. కానీ ఆయన బల్ల మీద అలాంటి అర్జీలు చాలా ఉన్నాయట. "అందరూ లారీలు జాస్తి అనే చెప్తారమ్మా. ఎప్పుడు జాస్తి? ఎంత జాస్తి? అది చూపించండి" అన్నాడట.

వేరేవాళ్లయితే ఏడ్చి వచ్చేవాళ్లు. వదిన బస్టాండులో తెల్లకాగితాలు కొనుక్కుని వచ్చింది.

లెక్కపెట్టేదెవరు? ఆమె పొద్దంతా ఊళ్లో ఉండదు. పొద్దున పూటకు బడి ఎదుట టీ అంగడి అవ్వను ఒప్పించింది. సాయంత్రం నన్ను. వాదించే అవకాశం ఇవ్వలేదు గనుక ఒప్పించింది అనలేను. పద్ధతి సులువు. బడిగంటకు అటూ ఇటూ పోయిన ప్రతి లారీకీ ఒక నిలువు గీత. నాలుగు గీతలయ్యాక అయిదోది అడ్డంగా. అవ్వకు అక్షరాలు రావు గానీ గీతలు గీయడంలో తిరుగులేదు. కాకపోతే వడ్లు కొలిచినట్టు "లాభం, రెండు, మూడు" అని పైకి లెక్కపెట్టేది. మొదటి లారీని ఒకటి అంటే ఆమె వ్యాపారం ఒకటితోనే ఆగిపోతుందట.

నా సాయంత్రం లెక్క మాత్రం కుక్క చింపిన విస్తరి. కొండదిగి వేడెక్కిన టైర్లన్నీ సరిగ్గా బడి విడిచే వేళకే పగిలేవి. రెండు చేతులతో రాడ్డు, మూడో చేతిలో పెన్సిలు పట్టుకోవడానికి నేను నాలుగు చేతుల దేవుణ్ని కాను, పైగా మాది ఆ మతం కూడా కాదు. ఆదివారమైతే అంగడే తెరవను. తెరిస్తే పాస్టరయ్యగారికంటే ముందు మా అమ్మ ఊరుకోదు.

అట్లా వర్షాలు మొదలయ్యేదాకా లెక్కపెట్టాం. తర్వాత ఒక శనివారం మధ్యాహ్నం వదినను బండిమీద సండూరు తీసుకుపోయాను. అక్కడ జెరాక్స్ అంగట్లో ఒక కంప్యూటర్ బాడుగకు ఇచ్చేవాడు. నేను కాగితం చూసి అంకె చదవడం, ఆమె కొట్టడం. వదిన దాన్ని స్ప్రెడ్‌షీట్ అంటుంది. నాకు మాత్రం గళ్లచీర పరిచినట్టు కనిపించింది. ఒక్కో గడిలో ఒక్కో రోజు. అంకె లేనిచోట నేను "ఖాళీ" అనేవాణ్ని, ఆమె ఆ గడి దాటిపోయేది.

అంతా ఎక్కించి ఏదో నొక్కింది. తెర మీద రెండు గీతలు లేచాయి, పొద్దునది ఒకటి, సాయంత్రంది ఒకటి. నాకు భలే సంతోషమైంది. మా ఊరి రోడ్డు మీద పోయిన లారీలన్నీ వచ్చి ఆ అద్దంలో దూరినట్టు అనిపించింది. కానీ వదిన మూతి ముడిచింది. ఆ గీతలు బాగా నడుస్తూ నడుస్తూ ఉన్నట్టుండి నేలకు పడిపోతున్నాయి, మళ్లీ లేస్తున్నాయి. నా సాయంత్రం గీతయితే తాగినోడి నడక.

"ఏంది వదినా, మన లారీలు బావిలోకి దూకుతాండాయి?"

"ఖాళీ గడిని ఇది సున్నా అనుకుంటాండాది. నువ్వు చూడని దినం లారీలే రాలేదని చెప్తాండాది. దీన్ని చూస్తే ఆ సాహేబు, వారానికి మూడు దినాలు మీ రోడ్డు ఖాళీనే కదమ్మా అంటాడు."

"అట్లయితే ఆ గుంతల్లో ఏదో ఒక అంకె ఏసి పూడ్చు. పక్క దినం ఎంతో ఈ దినం అంతే. లారీలు యాడికి పోతాయి?"

"ఎక్కడికీ పోవు. పోయింటాయనే నేనూ అనుకుంటాండా. కానీ నువ్వు చూసినావా?"

చూడలేదు. 

అప్పుడు క్యాంటీన్ కథ చెప్పింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒకరోజు టోకెన్ల మిషన్ చెడిపోయిందట. ఎంతమంది తిన్నారో తెలియదు. పాత ఆపరేటరు ఆ గడిలో సున్నా కొట్టాడు. పైనున్న సారు ఆ గీత చూసి, ఈ మధ్య తినేవాళ్లు తగ్గారు, బియ్యం తగ్గించండి అన్నాడు. మర్నాడు ఆకలిగొన్న కూలీలు తట్టలతో గిన్నెలమీద వాయించిన చప్పుడు వదిన నోటితో వాయించి వినిపించింది. "తినలేదు అనేది వేరే. తిన్నారో లేదో తెలీదు అనేది వేరే. రెండిటికీ ఒకే గడి ఇస్తే కడుపు కాలేది ఎవరికప్పా?"

ఆమె ఏదో తిప్పింది. గీత ఖాళీ దగ్గర కిందపడకుండా తెగి ఆగి, అవతల మళ్లీ మొదలయ్యేట్టు చేసింది. నా సాయంత్రం గీత తెగిన పూసల దండయింది. పొద్దున గీత నిండుగా ఉంది, అక్కడక్కడ మాత్రం తెగింది.

ఆ తెగినచోట్ల మీద వేలు పెట్టి వదిన చాలాసేపు చూసింది. "ఇవి నెలకొకటి వస్తాండాయి కదా" అంది.

నేను గోడమీద క్యాలెండర్ చూశాను. అన్నీ అమావాస్యలు. అమావాస్యనాడు లారీలకు కడిగి పూజ చేసి నిమ్మకాయలు తొక్కిస్తారు, పొద్దునపూట ఎవడూ బండి కదిలించడు. మా అన్న క్రైస్తవుడే అయినా ఆ పూట తీయడు. దేవుడికి కోపం రాదంటాడు, ఓనరుకు వస్తుందంటాడు.

ఇంటికి పోతూనే వదిన టీ అంగడికి నడిచింది.

"అవ్వా, ఈ దినాలు ఎందుకు గీతలు ఎయ్యలేదు? అంగడి మూసినావా?"

"నేనెందుకు మూస్తా? తెరిచే ఉంటి. ఒక్క బండి రాలే. పాలన్నీ మిగిలిపోయి పెరుగు తోడేసినా. నీ మరిదే గిన్నెడు తినిపాయె, దుడ్డు ఇంకా ఇయ్యలేదు."

"రాకుంటే సున్నా పెట్టొచ్చు కదా?"

అవ్వ చెంపలు వాయించుకుంది. "సున్నానా? అంగట్లో కూర్చోని సున్నా రాస్తారామ్మా ఎవురన్నా? లక్ష్మి పోదా? నువ్వు సదువుకున్నదానివి, నీకు సెప్పాల్నా?"

అదీ సంగతి. ఒకే కాగితం మీద ఖాళీలు రెండు జాతులు. అవ్వ ఖాళీ అంటే చూసింది, ఏమీ రాలేదు, రాయడానికి చెయ్యి రాలేదు. నా ఖాళీ అంటే అసలు చూడలేదు. ఈ చిక్కు బళ్లారి సాహేబుకు తెలియదు, కంప్యూటర్‌కు అంతకన్నా తెలియదు. వదిన అవ్వను కూర్చోబెట్టి, పాలు మిగిలిన పొద్దులు ఏవో గుర్తుచేసుకోమని ఒక్కొక్కటే అడిగింది. అవ్వ గట్టిగా చెప్పినచోటనే సున్నా పెట్టింది. ఒకచోట అవ్వ తటపటాయించింది, ఆ గడి ఖాళీగానే ఉండిపోయింది.

మళ్లీ శనివారం మళ్లీ సండూరు. ఈసారి ఆదివారాలన్నీ ఎత్తి పక్కన పెట్టేసింది. "అవ్వ ఆదివారాలు గూడా గీతలు గీసింది, నువ్వు పారేస్తాండావా?" అన్నాను. "ఆదివారం బడి లేదు. మనం అడిగేది బడి సంగతి. దాన్ని ఈడికి తెచ్చేది ఎందుకు?" అంది. 

జెరాక్స్ అంగడి సాయిబుకు మా గీతలు చూసి దిగులు పట్టుకుంది. "క్యా అమ్మా, ఇంత సాదాగా? రంగులు పెట్టండమ్మా! డబ్బాలు డబ్బాలుగా నిలబెట్టండి, వంకరగా, నీడ పడేటట్టు. సాహేబుకు ఖుషీ కావాల." ఆయన చేసిచూపించాడు కూడా. పెళ్లి పందిరిలా ఉంది. వెనక డబ్బా ఎంత ఎత్తో ముందు డబ్బా చాటున తెలియలేదు. నాకు నచ్చింది. డబ్బాలకు బదులు చిన్న చిన్న లారీ బొమ్మలు నిలబెడదామని నేనూ ఒక మాట వేశాను. వదిన ఇద్దరినీ చూసి, "మీ ఇద్దరూ కలిసి బ్యాండు మేళం పెట్టుకోండి" అని అన్నీ తుడిచేసింది.

చివరికి మిగిలింది ఇదీ. తెల్లకాగితం. అడుగున తేదీలు. పొద్దున గీత ఒకటి ముదురు ఎరుపులో, అమావాస్యల దగ్గర నేలను తాకుతూ. సాయంత్రం గీత ఒకటి లేత రంగులో, ముక్కలు ముక్కలుగా. అవ్వ సున్నాల దగ్గర చిన్న అక్షరాల్లో 'అమావాస్య, లారీలు రాలేదు' అని. అన్నిటికంటే కింద, ఎవరూ అడక్కుండానే, 'గీత తెగినచోట లెక్క తీసుకోలేదు. సాయంత్రం చూసిన దినాలు తక్కువ' అని. కన్నడలోనూ రాసింది. చూడగానే ఏడో తరగతివాడికి కూడా అర్థమైంది. రుజువు, నేనే.

"ఆ కడపటి మాట యాల వదినా? వాళ్ల చేతికి మనమే కట్టె ఇచ్చినట్ల కాదా?"

"వాళ్లు కనుక్కుంటే అది అబద్ధం అవుతాది. మనమే చెప్తే లెక్క అవుతాది."

అన్నకు ఈ సంగతి ముందే చెప్పింది. అన్నం ముందు కూర్చుని అన్న, "నా బండిని నిలబెట్టేదానికేనా నన్ను కట్టుకున్నావు?" అన్నాడు. ఆమె కిటికీలోని రాయి తెచ్చి కంచం పక్కన పెట్టింది. అన్న మజ్జిగ అడిగాడు.

బళ్లారిలో ఆ రోజు లారీ ఓనర్ల తరపున ఒకాయన కూడా వచ్చాడు. ఇస్త్రీ చెదరని చొక్కా, దుమ్ము లేని చెప్పులు. మా రోడ్డు మీద రాలేదని చెప్పులే చెప్పాయి. వదిన కాగితం పెట్టింది. సాహేబు కళ్లద్దాలు సర్దుకుని పొద్దున గీత మీద వేలు నడిపించాడు. ఆ వేలు ఎక్కడానికి ఆయాసపడటం నేను చూశాను.

ఓనర్లాయన ముందుకు వంగాడు. "ఏంది సార్ ఇది, అంతా బొక్కలే కదా! ఈ సాయంత్రంది చూడండి, చిరిగిన చీర. ఇదొక లెక్కనా?"

సాహేబు వదిన వైపు తిరిగాడు. "ఇల్లి యాకె కట్ ఆగిదె?" ఇక్కడెందుకు తెగింది అని.

"చూడలేదు సార్. చూడనిది గీయలేదు. కింద రాసినాము."

ఆయన కింద చదివాడు. తర్వాత పైకి పోయి అమావాస్యలు చదివాడు. ఆ కుర్చీ ఎక్కాక తన ముందుకొచ్చిన కాగితాల్లో తనకు తెలియదని చెప్పుకున్న కాగితం అదే మొదటిదేమో, మొఖం కొంచెం మెత్తబడింది.

ఓనర్లాయన వదల్లేదు. "ఏమ్మా, మీ ఆయన తోలేది మా లారీనే కదా? ఆయప్ప నిలబడితే మీ ఇల్లు ఎట్ల గడస్తాది?"

నాకు రక్తం పొంగింది. నోట్లో ఒక మంచి మాట కూడా తయారైంది, ఆఫీసుల్లో అనకూడనిది. వదిన నా చెయ్యి పట్టి నొక్కి, నెమ్మదిగా అంది.

"ఆయప్ప బండి కూడా ఈ గీతలో ఉండాది సార్. మొగుడని ఇడిచిపెట్టలేదు."

 ఆ క్షణాన నాకు చప్పట్లు కొట్టాలనిపించింది. టోపీ ఉంటే తీసేవాణ్ని. నెత్తిన ఉన్నది ఎర్రదుమ్మే, దులుపుకున్నాను.

 సాహేబు పొద్దున గీత మీద కలం ఆనించి "ఇదు ఆయ్తు" అన్నాడు, ఇది అయిపోయింది అని. పొద్దున బడి వేళ లారీలు ఊరి బయట ఆగుతాయి. లేత గీత మీదికి కలం జరిగింది, అక్కడ ఆగింది. "సంజెది చాలదమ్మా. నిండుగా చూసి తీసుకురా, అప్పుడు చూద్దాం."

బయటికి వచ్చాక నేను మండిపడ్డాను. "చెప్తిని కదా! ఆ తెగినచోట్లు కుట్టేసింటే రెండూ వచ్చేవి."

"ఏదీ వచ్చేది కాదు" అంది వదిన. "సాయంత్రంది దొంగగీత అని కనుక్కుని ఉంటే, పొద్దున గీతను కూడా ఎవరు నమ్ముతారు?" అని, "పాపను సగం దాటించినాము. ఇంక సగం ఉండాది" అంది. బస్సులో ఊరు చేరేదాకా కిటికీ బయటికే చూసింది. సగం గెలిచినవాళ్ల మొఖం ఎలా ఉంటుందో ఆరోజు చూశాను. ఓడినవాళ్ల మొఖంకంటే అలిసిపోయి ఉంటుంది.

ఆర్డరు అమలైన మొదటి పొద్దున వదిన ఊళ్లో లేదు. కంపెనీ బస్సు ఆర్డర్లను లెక్కచేయదు. పాపను తీసుకుని నేను రోడ్డంచున నిలబడ్డాను. ఊరి మొదట్లో పోలీసాయన చెయ్యి అడ్డం పెట్టాడు, లారీలు ఒకదాని వెనక ఒకటి ఆగాయి. ముందు ఆగిన వరసలో మా అన్న బండి ఉంది. పాప చెయ్యి విడిపించుకుని రోడ్డు నడిమధ్యకు పోయి, చెప్పు పట్టీతో ఏదో పేచీ వచ్చి, అక్కడే కూర్చుని తీరిగ్గా కట్టుకుంది. ఊరి మొదట్లోంచి ఒక్క హారన్ కూడా రాలేదు.

గంట కొట్టాక అవ్వ దగ్గరికి పోయాను. "ఏమవ్వా, ఈ పొద్దు లెక్క?"

"ఒకటి కూడా పోలేదు కదరా."

"మరి రాయి."

అవ్వ కాగితం వంక, తన పాలగిన్నె వంక చూసుకుంది. తర్వాత కాగితమూ పెన్సిలూ తీసుకుని లేచి, ఖాళీ రోడ్డు దాటి, నా పంక్చర్ అంగట్లోకి వచ్చి నా స్టూలు మీద కూర్చుంది. గుండ్రంగా, పెద్దగా ఒక సున్నా గీసింది.

"పోతే నీ లక్ష్మి పోతాది లేరా అబ్బీ" అని నవ్వుకుంటూ మళ్లీ రోడ్డు దాటింది.

సాయంత్రం బస్సు దిగిన వదిన ఇంటికి పోకుండా నేరుగా నా దగ్గరికే వచ్చింది. కాగితం తీసి చూపించాను. 

"చూసి రాసిందా?"

"చూసే రాసింది. నా అంగడి ముంచి మరీ రాసింది."

వదిన నవ్వింది. అంతలో సాయంత్రం గడి మీద ఆమె వేలు ఆగింది. అక్కడ గీతలు నిండుగా ఉన్నాయి, నాలుగు నిలువు, ఒకటి అడ్డం, కట్టలు కట్టలు. ఎక్కడా తెగలేదు. అప్పుడు తలెత్తి నా అంగడి ముందు చూసింది. పగిలిన టైరుతో ఒక లారీ జాకీ మీద ఒరిగి ఉంది, దాని డ్రైవరు బండమీద కూర్చుని బడి విడిచినప్పటినుంచీ టైరు ముట్టలేదని ఆపకుండా నన్ను తిడుతున్నాడు.